నచ్చే పుస్తకం ఏ అరలో ఉంది?

“ఏదైనా మంచి పుస్తకం ఉంటే చెప్పండి” అని ఎవరైనా అడిగితే మనవాళ్ళు ఇచ్చే జవాబులు గమనించారా? ఒకాయన ‘అమరావతి కథలు’ అంటాడు. ఒకావిడ ‘చివరకు మిగిలేది’ అంటుంది. ఇంకాస్త హుషారైనవాడు ఏదో లాటిన్ అమెరికన్ నవల పేరు చెప్పి, అనువాదం కన్నా ఇంగ్లీషులో చదివితేనే మేలని కూడా చెప్తాడు. అడిగిన మనిషి ఎవరు, ఇంతకుముందు ఏం చదివాడు, రాత్రి ఎన్నింటికి పని నుంచి ఇంటికొస్తాడు, ఇవేవీ ఆ జవాబుల్లో ఉండవు. సమీక్షలు రాసే మా బాపతు వాళ్ళకి ‘మంచి’ అన్న మాట మీద మోజెక్కువ. ‘నచ్చడం’ అనేది మాకు కొంచెం చిన్నతనంగా కనిపిస్తుంది.

పదో తరగతి తర్వాత పుస్తకం పట్టని మనిషి నలభయ్యో ఏట ఉన్నట్టుండి ఏదైనా చదవాలనుకుంటే ఎక్కడికెళ్తాడు? మన వెబ్ పత్రికలకి రాడు. పుస్తక ప్రదర్శన అతని ఊరికి రాదు. ఊళ్ళో లైబ్రరీ అంటూ ఉంటే అక్కడికే వెళ్తాడు. అతనికి దొరికే విమర్శకుడల్లా ఆ లైబ్రరీయే. ఏ పుస్తకం కళ్ళెదురుగా ఉంది, ఏది తాళం వెనక ఉంది, బల్ల అవతల కూర్చున్నాయన ఏం అడిగాడు అన్నవన్నీ ఒక రకం సాహిత్య విమర్శే. అందుకే ఈసారి సమీక్షకి పుస్తకాన్ని కాకుండా ఒక పుస్తకాల అరని తీసుకున్నాను. ఆ అర అరకు, పాడేరు, అనంతగిరి కొండల వైపుది.

ముందు ఒక పాత సంగతి గుర్తు చేసుకోవాలి. మద్రాసు విశ్వవిద్యాలయం లైబ్రేరియన్‌గా పనిచేసిన ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో గ్రంథాలయ శాస్త్రానికి అయిదు సూత్రాలు రాశాడు. లైబ్రరీ సైన్స్ చదివే ప్రతి విద్యార్థీ వాటిని బట్టీ పడతాడు. ఆయన అంతకుముందు లెక్కల మేష్టారు. బహుశా అందుకేనేమో, రెండో సూత్రాన్నీ మూడో సూత్రాన్నీ ఒకదానికొకటి అద్దంలో బొమ్మలా పెట్టాడు. పాఠకుడికి అతని పుస్తకం దొరకాలన్నది మొదటి వైపు, పుస్తకానికి దాని పాఠకుడు దొరకాలన్నది రెండో వైపు. మొదటిది మనకి తేలిగ్గానే అర్థమవుతుంది. రెండోదే అసలైన పని. అరలో పడి ఉన్న ప్రతి పుస్తకం తరఫునా ఎవరో ఒకరు పూనుకుని దానికి మనిషిని వెతకాలి. అందుకోసం అరలు తెరిచి ఉంచాలని, జనం నడిచే దారిలో పుస్తకాలు పెట్టాలని, చదివేవాడితో మాట కలపాలని ఆయన పదేపదే చెప్పాడు. తొంభై ఏళ్ళు దాటింది.

ఇక కొండల్లోకి వద్దాం. ఏజెన్సీలో ఒక మండల కేంద్రం. ఊరి పేరు అనవసరం. అక్కడ చూసినవి చాలా ఊళ్ళలో ఉన్నవే, ఆ బల్ల దగ్గర కూర్చున్న ఉద్యోగి తప్పు వాటిలో ఏమీ లేదు. ముందు గదిలో పొడుగాటి బల్ల, దినపత్రికలు. బల్ల చుట్టూ ఇరవైల్లో ఉన్న ఆడపిల్లలు, మగపిల్లలు. గ్రూప్ టూ, డీఎస్సీ, కానిస్టేబుల్ పరీక్షల గైడ్లు. అవి లైబ్రరీవి కావు, వాళ్ళు ఇంటి దగ్గర నుంచి తెచ్చుకున్నవే. లైబ్రరీ వాళ్ళకి ఇచ్చేది ఒక కుర్చీ, ఒక ఫ్యాను, కాస్త నిశ్శబ్దం. దీన్ని వెక్కిరించే సాహిత్యాభిమానులంటే నాకు చిరాకు. ఒకే గది ఉన్న ఇంట్లో నలుగురి మధ్య చదువుకునే పిల్లకి ఆ కుర్చీ ఎంత పెద్ద సాయమో ఆ పిల్లకే తెలుసు. ఉద్యోగాల పోటీలో ఉన్నవాళ్ళకి నవలలు చదవండని ఉపదేశం చెయ్యడం కన్నా మోటుతనం ఇంకోటి లేదు.

వెనక గదిలో బీరువాలు. అద్దాల తలుపులు, చిన్న చిన్న తాళాలు. అద్దంలోంచి వెన్ను మీది పేర్లు చదువుకోవచ్చు, చెయ్యి మాత్రం పెట్టలేం.

నేను ఉన్న పొద్దునే ఒకాయన వచ్చాడు. నలభై పైనే ఉంటాయి. టూరిస్టుల్ని తిప్పే జీపు నడుపుతాడట. “మాస్టారూ, ఏదన్నా కత పుస్తకం ఇస్తారేటి? సీజన్ లేదు కదా, ఖాళీగున్నాను” అన్నాడు. “ఏ కత కావాలి?” అని లైబ్రేరియన్. “ఏదైనా పరవాలేదు, మంచిదియ్యండి.” లైబ్రేరియన్ కాసేపు ఆలోచించి, చేతికి అందేంత దూరంలో ఉన్న వ్యక్తిత్వ వికాసం పుస్తకం తీసి ఇచ్చాడు. ఆయన మర్యాదగా పది పేజీలు తిప్పి, దాన్ని బల్ల మీద పెట్టి, పేపర్లో జిల్లా పేజీ చదువుకుని లేచాడు. బయట టీ కొట్టు దగ్గర కదిపాను. కుర్రతనంలో విశాఖలో లారీ ఆఫీసులో ఉన్నప్పుడు మధుబాబు షాడో నవలలు అద్దెకి తెచ్చుకునేవాడట. “ఒకటి తెస్తే తెల్లారిపోయేది సార్. పడుకోనిచ్చేది కాదు” అన్నాడు. “మరి లోపల అడగలేదేం?” అంటే నవ్వాడు. “అలాటివి అక్కడుండవులెండి. అయి సదువుకున్నోల్ల పుస్తకాలు.”

ఆ కాస్త మాటలో కావాల్సిన సమాచారం అంతా ఉంది. పడుకోనివ్వని పుస్తకం కావాలి. వర్ణనలు తక్కువ, నడక ఎక్కువ. ఒకటి అయిపోతే రెండోది సిద్ధంగా ఉండాలి. ఈ సమాచారం బల్ల దగ్గర బయటపడకపోవడానికి కారణం, ఏం కావాలని మాత్రమే అడగడం. ఇంతకుముందు ఏది నచ్చిందని అడిగి ఉంటే బయటపడేది. చదవడం మానేసి ఇరవై ఏళ్ళయిన మనిషికి ఏం కావాలో తెలీదు. ఏది నచ్చిందో మాత్రం మర్చిపోడు.

అమెరికాలో ఈ ప్రశ్న చుట్టూ ఒక వృత్తే పెరిగింది. మొదట్లో వాళ్ళదీ మన వరసే. 1925 నుంచి అక్కడి లైబ్రరీ సంఘం ‘ప్రయోజనంతో చదువు’ అనే అర్థం వచ్చే పేరుతో చిన్న చిన్న పుస్తకాలు వేసింది. పెద్దవాళ్ళు లైబ్రరీకి వచ్చేది తమని తాము బాగుచేసుకోవడానికే అన్నది ఆనాటి నమ్మకం. ఆ నమ్మకం సడలి, సరదాగా చదువుకునే మనిషిని కూడా లెక్కలోకి తీసుకోవడానికి వాళ్ళకి దశాబ్దాలు పట్టింది. 1989లో జాయిస్ సారిక్స్, నాన్సీ బ్రౌన్ కలిసి రాసిన పుస్తకం ఆ మలుపుకి గుర్తు. పుస్తకం దేని గురించి అన్నది పక్కనపెట్టి, అది ఎంత వేగంగా నడుస్తుంది, మనుషులు ఎంత దగ్గరగా కనిపిస్తారు, కథ ఎటు సాగుతుంది, చుట్టూ ఉన్న లోకం ఎలాంటిది అని చూడమన్నారు. సియాటిల్ లైబ్రేరియన్ నాన్సీ పెర్ల్ దాన్ని ఇంకా తేలిక చేసింది. పుస్తకంలోకి వెళ్ళడానికి నాలుగు గుమ్మాలు ఉంటాయంది: కథ, మనుషులు, చోటు, భాష. ఒక్కో పాఠకుడికి ఒక్కో గుమ్మం అలవాటు.

మన ఏజెన్సీ లైబ్రరీలు ఇంకా ఆ 1925లోనే ఉన్నాయనిపిస్తుంది. పైగా ఇక్కడ ఒక అదనపు బరువుంది. కొండ మనిషి అనగానే అతనికి ‘ఉపయోగపడేది’ ఇవ్వాలన్న ఆత్రం అందరిలోనూ. వ్యవసాయం, ఆరోగ్యం, పొదుపు, పథకాలు. మైదానంలో రిటైరైన గుమాస్తా డిటెక్టివ్ నవల అడిగితే కాలక్షేపం అంటాం. కొండల్లో కాఫీ తోట ఉన్న రైతు అదే అడిగితే కాఫీ తెగుళ్ళ మీద కరపత్రం చేతిలో పెడతాం. ఈ రెండో మనిషికి కాలక్షేపం హక్కు ఎవరు తీసేశారు?

దీనికి అవతలి కొస కూడా ఉంది, దాన్ని కూడా ఒప్పుకోలేను. అతను గిరిజనుడు కాబట్టి గిరిజన జీవితం మీది పుస్తకమే ఇవ్వాలనడం. జీపాయనకి నచ్చిన షాడోకి విమానాలు, విదేశాలు. ఆయన చదువులో ఉన్న ఆనందం ఊరు దాటి పోవడంలో ఉంది. ఆ రోజు ఆ బీరువాలో అద్దం అవతల సహవాసి ‘ఏడుతరాలు’ ఉంది. ఆఫ్రికాలో పట్టుబడిన కుర్రాడు, ఓడ, పారిపోవడం, పట్టుబడటం, మళ్ళీ పారిపోవడం. కథ గుమ్మంలోంచి వచ్చే పాఠకుడికి అంతకన్నా దగ్గర పుస్తకం ఆ గదిలో నాకు కనపడలేదు. అది ఉన్నది షాడోకి ఆమడ దూరంలో, ‘అనువాదాలు’ అన్న చీటీ కింద. అనువాదం కావాలని లైబ్రరీకి వచ్చేవాడు ఎవడైనా ఉంటాడా?

చోటు గుమ్మంలోంచి వచ్చేవాళ్ళ సంగతి వేరు. వాళ్ళు ఎక్కువగా మనలాంటివాళ్ళు. కిరండోల్ రైలెక్కి, సొరంగాలు లెక్కపెట్టుకుంటూ, అద్దాల బోగీలో ఫొటోలు తీసుకుంటూ వచ్చి, దిగాక ‘అరకు మీద ఏదైనా నవల ఉందా’ అని అడిగేవాళ్ళు. వీళ్ళకి అరకు అన్న పేరున్న పుస్తకం కన్నా ముందు ఇవ్వాల్సింది ‘వనవాసి’. విభూతిభూషణ్ బందోపాధ్యాయ 1930ల చివర్లో రాసిన ‘ఆరణ్యక్’కి సూరంపూడి సీతారాం అనువాదం. మన రైలు కొండలెక్కని కాలంలో, ఇక్కడికి ఎంతో దూరాన బీహార్ అడవిలో జరిగే కథ. అయినా ఐటీ ఉద్యోగి వారాంతపు విహారానికి సరిగ్గా సరిపోయే పుస్తకం.

ఎందుకంటే దాంట్లో కథ చెప్పే సత్యచరణ్ కూడా నగరం నుంచి వచ్చినవాడే. కలకత్తాలో చదువుకుని, ఉద్యోగం లేక, స్నేహితుడి ఎస్టేటులో మేనేజరుగా అడవికొస్తాడు. మొదట్లో మనుషుల్లేక, మాట్లాడేవాళ్ళు లేక ఉక్కిరిబిక్కిరి అవుతాడు. మెల్లగా అడవి అతన్ని పట్టేస్తుంది. వెన్నెల మీద, చెట్ల మీద, గుర్రమెక్కి తిరిగిన రాత్రుల మీద రాసిన పేజీలు చదివి మనవాళ్ళు చాలామంది మైమరచిపోయారు. అందులో తప్పేం లేదు. కాకపోతే ఆ మైమరపు మధ్యలో ఒక లెక్కల పుస్తకం తెరిచి ఉంటుంది. అతని ఉద్యోగం ఆ అడవిని కౌలుకిచ్చి నరికించడం. అడవిని ప్రేమించినవాడి చేతి మీదుగానే అడవి పోతుంది. అడవిలో పూలమొక్కలు నాటుకుంటూ తిరిగే యుగళప్రసాద్ శ్రమంతా ఆ లెక్క ముందు ఎంత? ఇంకోచోట, గిరిజన రాజు వంశంలో పుట్టిన భానుమతిని భారతదేశం పేరు విన్నావా అంటే వినలేదంటుంది. సత్యచరణ్‌కి అది విచిత్రం. ఆమె వైపు నుంచి చూస్తే ఆ ప్రశ్నే విచిత్రం కాదూ? హోమ్ స్టే బాల్కనీలో కూర్చుని ఈ పేజీ చదివితే ఎదురుగా ఉన్న లోయ ఇంకోలా కనిపిస్తుంది.

మనుషుల గుమ్మంలోంచి వచ్చేవాళ్ళకైతే గోపీనాథ మహంతి. కొరాపుట్ అరకుకి పక్క జిల్లా. అదే రైలు మార్గం, అవే కొండలు. ప్రభుత్వోద్యోగిగా అక్కడ తిరిగిన మహంతి కోందుల మీద రాసిన ‘అమృతర సంతాన’కి 1955లో ఒడియాలో మొట్టమొదటి సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. విశాఖ రచయిత పురిపండా అప్పలస్వామి దాన్ని ‘అమృత సంతానం’గా తెలుగులోకి తెచ్చారు. లావుపాటి నవల, నడక నిదానం. ఊరి పెద్ద సరబు సావొంతా చావుతో మొదలై, అతని కొడుకు దివుడు, కోడలు పుయు, కూతురు పుబులి చుట్టూ తిరుగుతుంది. భర్త మనసు ఇంకో ఆడదాని మీదికి పోయిందని తెలిసిన పుయు కథ ఏ ఊరి ఆడవాళ్ళకైనా పరాయిగా తోచదు. ఈ నవలని ‘గిరిజన సంస్కృతి’ అని చీటీ అంటించి ఇస్తే పరిశోధక విద్యార్థి పట్టుకెళ్తాడు. ‘ఒక కాపురం కథ’ అని చెప్పి ఇస్తే పొదుపు సంఘం మీటింగుకొచ్చిన ఆవిడ పట్టుకెళ్ళొచ్చు. పుస్తకం అదే, మాట ఒక్కటే మారింది.

అదే రచయిత ‘పరజా’ (1945) ఇంకా పదునైనది. అప్పు కోసం సాహుకారు దగ్గర పాలేరుగా కుదురుకున్న తండ్రీ కొడుకులు, ఎంత చేసినా తీరని అప్పు, చివరికి గొడ్డలి. బిక్రమ్ కె. దాస్ 1987 నాటి ఇంగ్లీషు అనువాదం చక్కగా చదివిస్తుంది. మన వైపు పోర్జలనేది ఆ నవలలోని పరజా జనాన్నే. అయితే ఇది చదివిన పోర్జ యువకుడు మెచ్చుకుంటాడో, మా తాతల గురించి ఒక ఆఫీసరుకి అంత తెలుసా అని నొసలు ముడేస్తాడో నేను చెప్పలేను. చెప్పకూడదు కూడా. లైబ్రరీ చెయ్యాల్సిందల్లా అతను చదివి తిట్టుకునే అవకాశం ఇవ్వడం. తిట్టినా సరే అది చదివినట్టే.

ఆఫీసర్లు రాసినవి చాలనుకునేవాళ్ళకి మల్లిపురం జగదీశ్ కథలున్నాయి, ‘శిలకోల’, ‘గురి’. పార్వతీపురం వైపు కొండల నుంచి, ఆ సమాజంలోంచే వచ్చిన గొంతు. భాష గుమ్మంలోంచి వచ్చే పాఠకుడికి ముందు వీటినే ఇస్తాను. గిరిజన సంక్షేమ శాఖలో పనిచేసిన వాడ్రేవు చినవీరభద్రుడు గిరిజన విద్య మీద రాసుకున్న ‘కొన్ని కలలు కొన్ని మెలకువలు’ ఆశ్రమ పాఠశాల టీచర్లకి, వాళ్ళ పాత విద్యార్థులకి నచ్చే పుస్తకం. ఇప్పుడు ఇవన్నీ లైబ్రరీలో ఎక్కడుంటాయో చూడండి. డ్యూయీ పద్ధతిలో తెలుగు సాహిత్యం 894.827. కాబట్టి ‘శిలకోల’ అక్కడ, వేలాది తెలుగు కథల మధ్య. ‘వనవాసి’ మూలం బెంగాలీ గనక 891.44 దగ్గర. చినవీరభద్రుడు విద్య కింద, 370ల్లో. ఒకే కొండ గాలి పీల్చే పుస్తకాలు మూడు బీరువాల్లో. వర్గీకరణ తప్పని కాదు. వెతికేవాడికి పేరు తెలిస్తే అది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. పేరు తెలియనివాడికి దాంతో పనిలేదు, అతనికి ఒక బల్ల మీద ఈ అయిదు పుస్తకాలూ పక్కపక్కన పరిచి ఉంటే చాలు.

పేరు తెలియనివాడి కోసం మనకో గొప్ప వ్యవస్థ ఉండేది, దాన్ని ఎవరూ వ్యవస్థ అనుకోలేదు. అద్దె పుస్తకాల షాపు. ఎనభైల్లో, తొంభైల మొదట్లో ప్రతి పేటలో ఒకటి. అక్కడి కొట్టాయనకి లైబ్రరీ సైన్స్ తెలీదు. ‘మీ అక్కకి యద్దనపూడి కొత్తది వచ్చింది, నువ్వు యండమూరి చదివేశావు కదా, ఇది పట్టుకెళ్ళు’ అనేవాడు. పుస్తకం నచ్చకపోతే మర్నాడు అతనికే చెప్పేవాళ్ళం, అతను గుర్తుపెట్టుకునేవాడు. ప్రభుత్వ లైబ్రరీకి ఆ జ్ఞాపకం లేదా అంటే ఉంది. పుస్తకం చివరి అట్టకి అంటించిన తేదీల చీటీ. ఎన్నిసార్లు బయటికెళ్ళిందో, ఎంత తొందరగా తిరిగొచ్చిందో అంతా అక్కడ ఉంటుంది. ఒక్క చీటీ మీద తేదీలు నిండిపోయి రెండో చీటీ అంటించారంటే, ఆ పుస్తకానికి ఏ సమీక్షకుడూ ఇవ్వలేని సర్టిఫికెట్ దొరికినట్టే. నేను కొత్త లైబ్రరీకి వెళ్తే ముందు వెనక అట్టలే తిరగేస్తాను.

నా వృత్తిలో దీన్నే కోట్ల ఖర్చుతో చేస్తాం. ఇది కొన్నవాళ్ళు అది కూడా కొన్నారని అమెజాన్ చూపించే పద్ధతి పని చేసేది తేదీల చీటీ లాంటి సమాచారం మీదే. నెట్‌ఫ్లిక్స్ 2006లో సినిమాల సిఫార్సులు మెరుగుపరిచినవాళ్ళకి పది లక్షల డాలర్ల పందెం పెట్టి, 2009లో ఇచ్చింది. ఇంత చేసినా ఈ యంత్రాలన్నిటికీ ఒక పాత రోగం ఉంది, కోల్డ్ స్టార్ట్ అంటాం. చరిత్ర లేని కొత్త మనిషి వస్తే ఏం చూపించాలో వాటికి తెలీదు, అందరికీ నచ్చేదే చూపిస్తాయి. ఇరవై ఏళ్ళ తర్వాత మళ్ళీ చదువుదామని వచ్చిన జీపు డ్రైవరు అలాంటి కొత్త మనిషి. అతని విషయంలో సర్వర్ల కన్నా బల్ల అవతలి మనిషి ముందుంటాడు, ఒక్క ప్రశ్న అడిగితే. ఇది సాంకేతికత మీద కోపంతో అంటున్నది కాదు. ఆ ప్రశ్న చవక, అంతే.

మనకి ఈ తెలివి కొత్తదేం కాదు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పెట్టిన అయ్యంకి వెంకటరమణయ్య తరం పుస్తకాన్ని మనిషి దగ్గరికి మోసుకెళ్ళింది. 1935లో పాతూరి నాగభూషణం కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలువలో పడవ మీద లైబ్రరీ నడిపాడు. ఆ ఆలోచనలో నాకు నచ్చేది పడవ కాదు, ప్రయాణికుల మీద ఆయన చేసిన అంచనా. కాలువలో పడవ నెమ్మదిగా పోతుంది. గంటల తరబడి చెయ్యడానికి పనుండదు. ఆ ఖాళీ సమయంలో ఎదురుగా పుస్తకాలు, పక్కన ఇచ్చే మనిషి. అంతకు నాలుగేళ్ళ ముందే తమిళనాట మన్నార్గుడిలో ఎడ్లబండి లైబ్రరీ ఊళ్ళు తిరిగింది. కొండల్లో ఈ ఖాళీ ఎక్కడుంది? వారపు సంతలో ఉంది. పొద్దున్నే అడ్డాకుల కట్టలో, పసుపో, చింతపండో దించుకుని వచ్చి, అమ్ముడయ్యాక జీపు నిండేదాకా కూర్చునే మనుషులు అక్కడున్నారు. శాఖా గ్రంథాలయం సంత రోజున సెలవు పెట్టకుండా, ఒక బల్ల వేసుకుని సంత చివర కూర్చుంటే చాలు. మళ్ళీ వారం సంతకి వచ్చినప్పుడు తిరిగిస్తారు. గడువు తేదీ వేరే చెప్పక్కర్లేదు.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసల చొప్పున సెస్సు లైబ్రరీలకి వెళ్ళాలి. ఇంటిపన్నే అంతంత మాత్రంగా వసూలయ్యే గూడేల్లో ఆ ఎనిమిది పైసలకి విలువెంత? 2022లో కొండ ప్రాంతాన్ని విడదీసి అల్లూరి సీతారామరాజు జిల్లా, పార్వతీపురం మన్యం జిల్లా చేశారు. కొండల్లో లైబ్రరీలు కొండల సెస్సుతోనే బతకాలంటే బతకవు, మైదానం డబ్బు పైకి రావాల్సిందే. అయితే నేను అడుగుతున్న వాటిలో చాలావాటికి డబ్బు అక్కర్లేదు. బీరువా తాళం తీయడానికి ఖర్చు లేదు, భయం ఉంది. పుస్తకం పోతే లెక్క చెప్పుకోవాల్సింది లైబ్రేరియనే గనక అతను తాళం వేస్తాడు. చదివి చదివి చిరిగినా, ఏడాదికి నాలుగు పోయినా ఫరవాలేదని పైనుంచి ఒక కాగితం వస్తే ఆ తాళాలు వాటంతటవే ఊడతాయి.

ఒక్క విషయంలో మాత్రం తాళం తీసినా లాభం లేదు. అరకు చుట్టుపక్కల పెద్దవాళ్ళలో చాలామందికి ఇంటి భాష తెలుగు కాదు. కువి, ఆదివాసీ ఒడియా, కొండ భాష, గదబ. వందేళ్ళకు పైబడిన కిందట పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి సవర నేర్చుకుని, ఆ భాషలో తెలుగు లిపితో పుస్తకాలు చేసి పిల్లలకి చదువు చెప్పించాడు. 1938లో ఆయన సవర నిఘంటువు అచ్చయింది. తర్వాత చాలాకాలానికి, ఈ శతాబ్దం మొదటి దశకంలో, కువి, కొండ, ఆదివాసీ ఒడియాతో సహా ఎనిమిది గిరిజన భాషల్లో ప్రభుత్వం తెలుగు లిపిలో వాచకాలు వేసింది. అవి చదివిన మొదటి పిల్లలకి ఇప్పుడు ఇరవై అయిదు దాటి ఉంటాయి. వాళ్ళలో ఒకమ్మాయి లైబ్రరీకి వచ్చి, నీకు బాగా నచ్చిన కథ ఏదని అడిగితే, రెండో తరగతి వాచకం పేరు చెప్పదు కదా. వాళ్ళ అవ్వ పొయ్యి దగ్గర కువిలో చెప్పిన కథ చెప్తుంది. అలాంటిది ఇంకోటి ఇవ్వమంటే నేను చూసిన ఏ బీరువాలోనూ లేదు.

నాకు తోచిన పద్ధతి ఇది. ఆ అమ్మాయి ఫోన్లో అవ్వ చేత కథ చెప్పించి రికార్డు చెయ్యగలదు, తెలుగు లిపిలో కువి రాయడం బళ్ళోనే నేర్చుకుంది. పోటీ పరీక్షల బల్ల దగ్గర ఒక మధ్యాహ్నం కూర్చుంటే వంద పేజీల నోట్‌బుక్కులో పది కథలు పడతాయి. లైబ్రేరియన్ దాన్ని మిగతా పుస్తకాల్లాగే రిజిస్టరులో ఎక్కించి, నంబరు వేసి, చివరి అట్టకి తేదీల చీటీ అంటించాలి. రచయిత అన్న గడిలో అవ్వ పేరు రాయాలి. ప్రచురణకర్త అన్న గడిలో ఏం రాయాలన్నది ఆ ఇద్దరూ కూర్చుని తేల్చుకుంటారు.